హెస్టర్ వీధిలో హ్యాటీ కోసం

మొదటి రోజు

2023 అక్టోబర్. ఎడిసన్‌లో అక్క వాళ్లింటి నుంచి పొద్దున ఏడున్నర ట్రైన్. పెన్ స్టేషన్‌లో దిగి, 1 నంబరు సబ్‌వే పట్టుకుని మన్‌హాటన్ చివరిదాకా వెళ్లాం. వెంట అక్క కూతురు. కాలేజీకి ఐదు రోజులు సెలవులట. "న్యూయార్క్ వచ్చి టైమ్స్ స్క్వేర్ చూడవా పిన్నీ?" అని దారంతా అడుగుతూనే ఉంది. చూడను. నేను వచ్చింది వందేళ్ల కింద ఈ ఊళ్లో తిరిగిన ఒక మనిషి కోసం. పేరు ఆంజియా యెజియెర్స్కా, యూదు వలస కుటుంబంలోంచి వచ్చిన రచయిత్రి. కొన్నాళ్లు హ్యాటీ మేయర్. పుట్టింది 1880 ప్రాంతంలో, రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉన్న పోలండ్‌లో, వార్సాకు దగ్గర్లోని ఓ చిన్న ఊళ్లో. ఏ ఏడాదో ఆమెకే సరిగా తెలీదంటారు. తెలిసినా చెప్పేది కాదని నా అనుమానం. వయసు విషయంలో ఆమె లెక్క ఎప్పుడూ ఓ పదేళ్లు వెనకే ఉండేది.

బ్యాటరీ పార్కులో ఎర్రరాతితో కట్టిన గుండ్రటి కోట ఒకటుంది. తర్వాతి కాలంలో వలసవాళ్లు దిగిన ఎలిస్ దీవికి, లిబర్టీ విగ్రహానికి వెళ్లే పడవ టికెట్లు అక్కడే అమ్ముతారు. జనం టికెట్ తీసుకుని, వరసలో నిలబడి, ఫోన్లలో విగ్రహం ఫొటోలు చూసుకుంటున్నారు. ఆ కోట సంగతి ఎవరికీ పట్టలేదు. అసలు గుమ్మం అదే. 1855 నుంచి 1890 దాకా కాజిల్ గార్డెన్ అనే పేరుతో వలసవచ్చినవాళ్లను దించుకున్నది ఆ కోటే. ఎనభై లక్షల మంది దాని మీదుగా లోపలికొచ్చారు. తర్వాత అందులో చేపల అక్వేరియం పెట్టారు. ఇప్పుడు టికెట్ల కౌంటరు.

ఆంజియా పెద్దన్నయ్య మేయర్ మిగతా కుటుంబం కంటే ముందే వచ్చాడు. కాజిల్ గార్డెన్‌లో అతన్ని మాక్స్ మేయర్‌గా రాసుకున్నారని జీవితచరిత్రల్లో ఉంది. తర్వాత వచ్చిన అమ్మా నాన్నా తోబుట్టువులూ అందరూ మేయర్లయిపోయారు. ఇంటిపేరు పోయి అన్నయ్య పేరే ఇంటిపేరయింది. ఆంజియా కాస్తా హ్యాటీ. ముప్పై ఏళ్లు దగ్గరపడ్డాక గానీ తన పేరు తను వెనక్కి తీసుకోలేదు.

పడవ ఎక్కాం. టికెట్ దాదాపు పాతిక డాలర్లు. ఎలిస్ దీవిలో పై అంతస్తు హాలు చూస్తే ఎవరికైనా నోట మాట రాదు. కమానులు తిరిగిన ఎత్తైన కప్పు, దానికి 28,000కు పైగా పలకలు. కింద నున్నటి నేల, ఖాళీ బెంచీలు. ఒక బెంచీ మీద కూర్చుని, పదేళ్ల పిల్ల అమ్మ కొంగు పట్టుకుని ఇక్కడే నిలబడి ఉంటుందనుకుని కళ్లు తడి చేసుకున్నాను కూడా. తర్వాత గోడ మీద బోర్డు చదివితే తెలిసింది. ఎలిస్ దీవి తెరిచిందే 1892 జనవరి 1న. అప్పటి చెక్క కట్టడం 1897లో రికార్డులతో సహా తగలబడింది. నేను కూర్చున్న ఈ భవనం తెరిచింది 1900 డిసెంబర్‌లో. ఆంజియా వాళ్లు వచ్చింది 1890 ప్రాంతంలో. ఇంకో రెండు మూడేళ్లు అటు జరిపినా ఈ హాలు అప్పటికి లేదు. ఆ కప్పు పలకలైతే 1918 నాటివి.

"అంటే ఇందాక వేస్ట్‌గా ఏడ్చావా పిన్నీ?" అంది పిల్ల.

రెండో రోజు

ఎఫ్ ట్రైన్‌లో డెలాన్సీ దగ్గర దిగాం. లోయర్ ఈస్ట్ సైడ్. ఆంజియా పెరిగిన వీధులివి. ఏ ఇంట్లో అని వెతకడం దండగ. అద్దె కట్టలేక ఇళ్లు మారుతూ బతికినవాళ్ల కథ అది. అందుకే ఆర్చర్డ్ వీధిలో 97 నంబరు భవనానికి వెళ్లాం. ఆమె అక్కడ ఉండలేదు. ఉన్నది అలాంటి దాంట్లోనే.

1863లో ఒక దర్జీ కట్టించిన ఐదంతస్తుల అద్దె మేడ అది. 1935లో, చట్టం అడిగిన మరమ్మతులు చేయించడం కంటే ఖాళీ చేయించడమే నయమనుకుని యజమాని పై అంతస్తుల్లో అద్దెవాళ్లందర్నీ పంపేశాడు. తలుపులు మూసినవి మూసినట్టే ఉండిపోయాయి. అదే ఇప్పుడు టెనెమెంట్ మ్యూజియం. ఆ డెబ్బై ఏళ్లలో దాదాపు 7,000 మంది అందులో కాపురాలు చేశారు.

గైడు వెంట చీకటి మెట్లెక్కాం. ఒక్కో వాటా మూడు గదులు, అన్నీ కలిపి 325 చదరపు అడుగులు. వీధి వైపున్న ముందు గదికే వెలుగు. మధ్య గది వంటిల్లు, ఆ వెనక పడగ్గది. నా కళ్లు మాత్రం ఒక్కచోటే ఆగిపోయాయి. గదికీ గదికీ మధ్య ఉన్న లోపలి గోడకి కిటికీ ఉంది. అద్దాలు బిగించిన చెక్క కిటికీ. తెరిస్తే కనిపించేది పక్క గదే. ముందు గదిలోకొచ్చిన వెలుతురు ఎంతో కొంత వెనక్కి పోవాలని గోడలు కోసి పెట్టారట. దాని చట్రం మీద రంగు పొరలు పొరలుగా లేచి ఉంది. వేలితో ముట్టుకోబోతే గైడు మర్యాదగా వద్దంది.

మరుగుదొడ్లు 1905 దాకా వెనక పెరట్లోనే. నాలుగో అంతస్తు నుంచి రాత్రిపూట పసిపిల్లతో దిగి వెళ్లాలి. 1890లలో ఓ కుటుంబం ఈ ముందు గదిలోనే గౌన్లు కుట్టే కొట్టు నడిపిందని చెప్పింది గైడు. కుట్టేవాళ్లు కిటికీ దగ్గర. ఇస్త్రీ చేసేవాడు పొయ్యి దగ్గర, ఎందుకంటే ఇస్త్రీపెట్టెలు వేడయ్యేది ఆ పొయ్యి మీదే. అదే పొయ్యి మీద ఇంటావిడ వంట. పెట్టె వేడి, సూపు వేడి ఒకటే. ఆంజియా అక్కచెల్లెళ్లు ఇలాంటి కొట్లలోనే పనిచేశారు, తనూ చేసింది. నాన్న యూదుల ధర్మగ్రంథమైన తాల్మూద్‌లో పండితుడు. ఆయన పని చదవడం. ఇల్లు గడపడం ఆడవాళ్ల వంతు.

ఆ నాన్నే 1925లో వచ్చిన ఆంజియా నవల 'బ్రెడ్ గివర్స్'లో ఇంటి మధ్యలో కుర్చీ వేసుక్కూర్చున్నాడు. కూతుళ్ల జీతాలు లెక్కపెట్టుకుంటూ, ఆడదానికి మోక్షం మగాడి ద్వారానే అని గ్రంథాలు వల్లిస్తూ. పెద్ద కూతుళ్లు ముగ్గురికీ ఇష్టంలేని పెళ్లిళ్లు చేస్తాడు. చివరిది సారా. నవల మొదట్లోనే పదేళ్ల సారా, ఇంట్లో అద్దెకి డబ్బుల్లేవని, పాతిక హెర్రింగ్ చేపలు తీసుకుని హెస్టర్ వీధిలో నిలబడి రెండేసి సెంట్లకి అరుస్తూ అమ్ముతుంది. అన్నీ అమ్మి ఇంటికి పరిగెత్తే ఆ పేజీ నేను ఎన్నిసార్లు చదివానో. ఆ పిల్లకి దొరికింది పాతిక సెంట్ల లాభం. ఆ పిల్ల గొంతుకి దొరికింది అంతకంటే చాలా ఎక్కువ.

హెస్టర్ వీధికి నడిచాం. తోపుడుబళ్లు లేవు. 1940లో నగర మేయర్ లాగార్డియా బళ్లవాళ్లని ఎసెక్స్ వీధి మార్కెట్ కప్పు కిందికి తోలాక రోడ్డు ఖాళీ అయింది. ఇప్పుడు పడమటి సగమంతా చైనా టౌనే. బోర్డులన్నీ చైనీస్ అక్షరాలు. ఓ దుకాణం ముందు ప్లాస్టిక్ ట్రేల్లో మంచు, మంచు మీద చేపలు. రబ్బరు బూట్లేసుకున్న ఒకావిడ ధరలు అరుస్తోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏం చెబుతోందో మాత్రం తెలిసిపోయింది.

"పిన్నీ, నేను ఆకలి ఉన్నాను."

"ఆకలేస్తోంది అనాలే."

"అదే. అది నన్ను వేస్తోంది."

ఇద్దరం పడీపడీ నవ్వాం గానీ, నాకు ఆంజియా ఇంగ్లీషు గుర్తొచ్చింది. ఆమె పాత్రలు మాట్లాడే ఇంగ్లీషులో మాటలు ఇంగ్లీషువి, వాక్యం నడక తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌ది. క్రియ ఉండాల్సిన చోట ఉండదు, శాపనార్థాలు అన్నం మెతుకుల్లా రాలుతుంటాయి. ఆ రోజుల్లో కొందరు చదువురాని పనిమనిషి మనసులోంచి పొంగిన భాష అన్నారు. ఆవిడ అప్పటికి కాలేజీ పట్టా పుచ్చుకుని పదిహేనేళ్లు! ఒక్కో వాక్యం పదిసార్లు తిరగరాసి, నున్నగా అయిపోయిందనిపిస్తే మళ్లీ గరుకు చేసి రాసిన భాష అది. మా పిల్ల తెలుగు పొరపాటున అలా వస్తుంది. ఆంజియాది పనిగట్టుకుని చేసిన పొరపాటు.

ఆకలేసింది కాబట్టి హ్యూస్టన్ వీధిలో రస్ అండ్ డాటర్స్‌కి తీసుకెళ్లాను. 1914 నుంచి ఉన్న దుకాణం. మొదలుపెట్టిన జోయెల్ రస్ కూడా హెర్రింగులమ్ముకుంటూ బతుకు మొదలుపెట్టిన వలసవాడే. కొడుకుల్లేరు, ముగ్గురు కూతుళ్లు. 1930లలో ఆ ముగ్గుర్నీ భాగస్తుల్ని చేసి బోర్డు మీద 'అండ్ డాటర్స్' అని రాయించాడు. అందులో పెద్దమ్మాయి పేరు హ్యాటీ! కూతుళ్ల రెక్కల మీద బతికి పేరు తనొక్కడే పెట్టుకున్న నాన్న నవల్లో ఉంటే, నాలుగు వీధులవతల ఈయన. చీటీ నంబరు తీసుకుని నిలబడి, ఉల్లిపాయ చక్రాలతో ఒక హెర్రింగ్ తీసుకున్నాం. నూనె ఓడుతూ, నోట్లో వెన్నలా కరిగి, చివర్లో ఉప్పు కొట్టింది. ఉప్పుచేపంటే మనం వేయించుకుంటాం కాబట్టి నాకు ఆ పచ్చిమెత్తదనం అలవాటు కావడానికి రెండు ముక్కలు పట్టింది. పిల్ల మొదటి ముక్కతోనే నీళ్లు తాగేసింది.

సాయంత్రం ఈస్ట్ బ్రాడ్‌వే. 1909లో తెరిచిన సీవర్డ్ పార్క్ లైబ్రరీ. పుస్తకాల కోసం పిల్లలు వీధి దాకా వరస కట్టేవాళ్లట, వేసవిలో మేడ మీద కూర్చుని చదివేవాళ్లట. కాస్త దూరంలో పదంతస్తుల ఫార్వర్డ్ భవనం. యిడ్డిష్ దినపత్రిక ఫార్వర్డ్ అక్కణ్ణుంచి వెలువడేది. గుమ్మం పైన మార్క్స్, ఎంగెల్స్ ముఖాలు చెక్కి ఉన్నాయి. లోపల ఇప్పుడు ఖరీదైన ఫ్లాట్లు.

ఆ భవనం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇంటి ముందే అంత పెద్ద యిడ్డిష్ పత్రిక, చదివే జనం లక్షల్లో. అయినా ఆంజియా ఇంగ్లీషులోనే రాసింది. పక్కింటివాళ్లకు వాళ్ల బతుకు చెప్పడానికి కాదు, పై పేటల్లో ఉండి దానధర్మాలు చేసే అమ్మలకు చెప్పడానికి. మొదట అచ్చయిన కథ, 1915లోది, అదే. అలిసిపోయిన తల్లిని ఉచితంగా విశ్రాంతికి పంపిస్తారు. అక్కడ అడిగే ప్రశ్నలకీ, పెట్టే నియమాలకీ ఆవిడ బెంబేలెత్తి తన ఇరుకింటికి సంతోషంగా తిరిగొస్తుంది. ఇక నేను, పద్దెనిమిదేళ్లుగా ఈ దేశంలో ఉండి, మా వీధిలో ఒక్కరూ చదవలేని భాషలో రాస్తున్నాను. ఎవరి గురించి రాస్తానో వాళ్లకి చేరదనే ధైర్యం కూడా అందులో ఉందేమో.

మూడో రోజు

కొలంబియా యూనివర్సిటీకి బయల్దేరి దారి తప్పాం. తప్పు పూర్తిగా నాదే. 1 నంబరు ట్రైన్ ఎక్కాల్సింది, త్వరగా పోతుందని 2 నంబరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రెండింటికీ 116వ వీధి స్టేషన్ ఉంది. 96వ వీధి దాటాక రెండో నంబరు తూర్పుకి తిరిగి హార్లెంలోకి పోతుందని తెలీలేదు. దిగి చూస్తే లెనాక్స్ అవెన్యూ. పడమటికి నడిచి, మార్నింగ్‌సైడ్ పార్కులో కొండలాంటి రాతిగట్టు మీదికి మెట్లెక్కి, ఆయాసపడుతూ తేలాం. మధ్యలో మూడుసార్లు కూర్చున్నాను. పిల్ల ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. అది ఇంకా బాధ.

120వ వీధికి ఓ పక్క టీచర్స్ కాలేజీ, ఇంకో పక్క కొలంబియా. ప్రపంచంలో అన్నిటికంటే వెడల్పైన వీధి ఇదేనని ఇక్కడివాళ్లు పరాచికం ఆడుతుంటారు, అటువాళ్లూ ఇటువాళ్లూ అంత దూరం దూరంగా ఉంటారని. ఆంజియా ఆ దూరం రెండుసార్లు దాటింది.

మొదటిసారి ఇటుపక్క. దాతలిచ్చిన స్కాలర్‌షిప్‌తో టీచర్స్ కాలేజీలో చేరి 1904లో చదువు ముగించింది. వాళ్లు ఇచ్చింది గృహవిజ్ఞానానికి. పేదపిల్లకి వంట నేర్పే పని చాలుననుకున్నారు. ఆమెకి కవిత్వం కావాలి. కొన్నేళ్లు స్కూళ్లలో వంట చెప్పింది, తిట్టుకుంటూ. ఆ దాతృత్వం మీద కసి 1927లో 'ఆరొగంట్ బెగ్గర్' నవలగా తీర్చుకుంది.

రెండోసారి 1917లో, వీధికి అటుపక్క. టీచరుగా పర్మనెంట్ చేయడం లేదని ఫిర్యాదు చేయడానికి ఏకంగా జాన్ డ్యూయీ గదిలోకే వెళ్లింది. అప్పటికి ఆయన అమెరికాలో విద్య గురించి ఎవరు మాట్లాడినా తలుచుకునే తత్వవేత్త, ఆయనకి యాభై ఎనిమిది. ఆమెకి ముప్పై ఏడో ఎంతో. ఆయన తన సెమినార్‌లో కూర్చోనిచ్చాడు, రాయమన్నాడు. మరుసటి వేసవిలో ఫిలడెల్ఫియాలో పోలిష్ వలసకుటుంబాల మీద చేసిన అధ్యయనానికి అనువాదకురాలిగా తీసుకెళ్లాడు. వాళ్ల మధ్య ఏదో మొదలై ముగిసింది. ఆయన రహస్యంగా కవితలు రాశాడు! చెత్తబుట్టలోంచీ, బల్ల సొరుగులోంచీ ఇతరులు ఏరి దాచిన ఆ కవితలు 1977లో, ఆయన పోయిన పాతికేళ్లకి అచ్చయ్యాయి. కొన్ని ఆంజియా గురించేనని తేల్చుకున్నది ఎలాగంటే, ఆమె 1932లోనే తన నవలలో ఓ ప్రొఫెసర్ పాత్ర చేత ఆ పంక్తులు చెప్పించింది. నలభై అయిదేళ్లు ఆ సాక్ష్యం అచ్చులోనే ఉన్నా ఎవరి కంటా పడలేదు.

ఆయన సంగతి ఇంతసేపు చెప్పడం నాకే నచ్చలేదు. ఆంజియా గురించి రాసేవాళ్లందరూ ఇక్కడే కాసేపు కూలబడతారు. మెట్లెక్కి వచ్చాను కాబట్టి నేనూ కూలబడ్డాను.

తర్వాత నాలుగేళ్లూ పరుగే. 1919లో ఆ ఏటి ఉత్తమ కథగా ఆమె కథని ఎంచారు. 1920లో 'హంగ్రీ హార్ట్స్' కథల పుస్తకం. నిర్మాత గోల్డ్‌విన్ సినిమా హక్కులకి 10,000 డాలర్లిచ్చి హాలీవుడ్‌కి పిలిపించుకున్నాడు. పత్రికలు 'కుట్టుకొట్టు సిండ్రెల్లా' అని పేరు పెట్టాయి. సినిమా 1922లో వచ్చింది. అక్కడ కూర్చుంటే ఒక్క అక్షరం రావడం లేదని ఆమె న్యూయార్క్‌కి తిరిగొచ్చేసింది. ఆ సిండ్రెల్లా కథలో కాలేజీ లేదు, మొగుళ్లు లేరు, ఇంకొకరు కూడా లేరు.

నాలుగో రోజు

రోజంతా వాన. ఎడిసన్ వదిలి కదల్లేదు. అక్క పకోడీలు వేస్తుంటే నేను వంటింటి గట్టు మీద పుస్తకాలు పరుచుకు కూర్చున్నాను. 1950లో వచ్చిన ఆంజియా ఆత్మకథ, 'రెడ్ రిబ్బన్ ఆన్ ఎ వైట్ హార్స్', దాని పక్కన 1988లో వచ్చిన ఆమె జీవితచరిత్ర. మొదటిదానికి ముందుమాట రాసింది కవి ఆడెన్. రెండోది రాసింది లూయిస్ లెవిటాస్ హెన్రిక్సన్. ఆంజియా కూతురు.

ఆత్మకథలో కూతురు లేదు. మొదటి పేజీ నుంచి చివరి దాకా వెతికినా దొరకదు. 1910లో మొదటి పెళ్లి, నెలల్లోనే రద్దయింది. 1911లో ఆర్నాల్డ్ లెవిటాస్‌తో రెండోది. 1912లో లూయిస్ పుట్టింది. నాలుగేళ్లు నిండేలోపే ఆంజియా ఇల్లు వదిలేసింది. కొంతకాలం పిల్లని కాలిఫోర్నియాలో తన దగ్గర పెట్టుకుని, జరక్క తండ్రి దగ్గరికి పంపేసింది. తర్వాతే పుస్తకాలన్నీ.

"ఎంత రచయిత్రయితే మాత్రం, కన్నపిల్లని వదిలేస్తుందా?" అంది అక్క, నూనెలోంచి చిల్లుల గరిటె ఎత్తుతూ.

"పెంచలేక పంపింది అక్కా. డబ్బుల్లేవు."

"సరే, పంపింది. పుస్తకంలో పేరు రాయడానికి డబ్బులక్కర్లేదుగా?"

నా దగ్గర జవాబు లేదు. ఎవరూ లేని ఒంటరి ఆడది ఆకలితో పుస్తకం రాసి గెలిచిందనే కథకి, మధ్యలో ఓ పిల్ల అడ్డం. అందుకే తీసేసి ఉంటుంది. నాన్నని మాత్రం పుస్తకాల్లో పెట్టింది. అయినా వయసు మీద పడి, చూపు మందగించాక ఆ కూతురే దగ్గరుండి రాతపనికి సాయపడింది. 1970లో ఆంజియా కాలిఫోర్నియాలో ఓ నర్సింగ్ హోమ్‌లో పోయింది. అమ్మ రాయని సంగతులన్నీ కూతురు వెతికి రాసింది, ఎక్కడ అబద్ధం చెప్పిందో, ఎందుకు చెప్పి ఉంటుందో కూడా. కక్ష లేకుండా రాసింది. ఆ ఓపిక నాకుండేది కాదు.

అమ్మ పోయేనాటికి ఆ పుస్తకాలేవీ మార్కెట్లో లేవు. 1975లో చరిత్రకారిణి ఆలిస్ కెస్లర్-హారిస్ ముందుమాటతో 'బ్రెడ్ గివర్స్' మళ్లీ అచ్చయింది. నాకు దొరికిన పాత ప్రతి ఆ తర్వాతి ముద్రణే.

ఐదో రోజు

వాన వెలిసింది. సెంట్రల్ పార్క్. పిల్లకి సెలవుల్లో ఆఖరి రోజు.

ఇక్కడికెందుకంటే, 1930లలో ఆర్థికమాంద్యం వచ్చి ఆంజియా పుస్తకాలు జనం కొనడం మానేశాక, పని లేని రచయితలకు ప్రభుత్వం పెట్టిన ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టులో ఆమె చేరింది. జీతం వారానికి ఇరవై నాలుగు డాలర్ల లోపు. రిచర్డ్ రైట్ లాంటి కుర్ర రచయితలు కూడా అక్కడే. న్యూయార్క్ నగర గైడుబుక్కు కోసం ఆమెకి అప్పగించిన పని, సెంట్రల్ పార్కులో చెట్ల జాబితా తయారు చేయడం. పదివేల డాలర్ల హాలీవుడ్ రచయిత్రి, యాభై దాటాక, నోటుబుక్కు పట్టుకుని ఏ చెట్టు ఎక్కడుందో రాసుకుంటూ తిరిగింది. 843 ఎకరాలు.

మాల్ అనే పొడవాటి నడకదారికి వెళ్లాం. రెండు పక్కలా వరసలు వరసలుగా అమెరికన్ ఎల్మ్ చెట్లు. పైన కొమ్మలు కలిసిపోయి పందిరిలా ఉన్నాయి. ఆకులు సగం పసుపు. రాత్రి వానకి బెరడు నల్లబడింది, దాని పగుళ్లలో నీళ్లు ఇంకా మెరుస్తున్నాయి. ఒక చెట్టుకి చెయ్యి ఆనిస్తే అరచేతికి గరుకు అచ్చు పడింది. అప్పుడు ఇవి ఎంత లావుండేవో.

"మనమూ లెక్కపెడదామా పిన్నీ? నేను లెఫ్ట్, నువ్వు రైట్. తెలుగులో లెక్కపెట్టాలి."

సరేనన్నాను. ఇద్దరం చెరో వైపు బయల్దేరాం. నాకు వినపడేలా గట్టిగా అంటోంది. పద్దెనిమిది దాకా బాగానే వచ్చింది. తర్వాత ఆగింది.

"పిన్నీ, పంతొమ్మిది తర్వాత ఏంటి?"

"ఇరవై."

"ఇరవై," అని చెట్టుని తట్టింది. "ఇరవై ఒకటి. ఇరవై రెండు." గిటార్ వాయిస్తున్న ఒకాయన చుట్టూ తిరిగి వెళ్లాల్సొచ్చింది, అక్కడ నా లెక్క తప్పింది. పిల్లది తప్పలేదు. నలభై దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, తర్వాత ఏంటని మళ్లీ కేకేసింది.